బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? సంతకం పెట్టేముందు ఇలా తేల్చుకోండి

కొత్త బైకు తాళాలు చేతికి రావడానికి ఐదు నిమిషాల ముందు, మిగతా కాగితాలన్నీ అయిపోయాక, ఆఖర్న ఇంకో కాగితం మీ ముందుకు జరుపుతారు: బండితో వచ్చే అసలు వారంటీ ముగిశాక కూడా రిపేర్లు చూసుకుంటామనే ఎక్స్‌టెండెడ్ వారంటీది. "ఇంకో రెండేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు సార్, నెలకి లెక్కేస్తే ఎంతో కాదు" అంటారు. అప్పటికే పెద్ద మొత్తం కట్టేసి ఉన్నాం కాబట్టి ఈ మొత్తం కంటికి ఆనదు. చాలామంది అక్కడే సంతకం పెట్టేస్తారు. ఇంకొంతమంది "ఇదంతా డబ్బు లాగే పద్ధతి" అని చదవకుండానే పక్కన పెట్టేస్తారు. రెండూ తొందరపాటే.

మా ఇంట్లో, స్నేహితుల్లో బండ్లు కొన్నప్పుడల్లా ఈ కాగితం నా దగ్గరికి వస్తుంటుంది. కొన్నింటికి తీసుకోమన్నాను, ఎక్కువ వాటికి వద్దన్నాను. నేను ఎప్పుడూ చూసేది మూడే: ఆ కాగితంలో ఏమేం మినహాయించారు, మీరు నెలకి ఎంత తిరుగుతారు, పెద్ద రిపేరు వస్తే సొంత డబ్బుతో తట్టుకోగలరా. ఈ మూడూ తెలియాలంటే కింది పనులు వరసగా చేయండి. ఒక సాయంత్రం పడుతుంది.

ముందు ఆ తొందరలోంచి బయటపడండి

"ఈరోజే తీసుకోవాలి, తర్వాత దొరకదు" అనే మాట చాలాసార్లు నిజం కాదు. కంపెనీ స్వయంగా అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీల్లో చాలావాటిని బండి కొన్న తర్వాత కూడా, అసలు వారంటీ నడుస్తున్నంతకాలం తీసుకోనిస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ ధర పెంచవచ్చు, బండిని ఒకసారి చూసి గానీ ఇవ్వకపోవచ్చు. అందుకని కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఆఖరు తేదీ ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లలోపు, అప్పుడు ధర ఎంత?" ఈ మూడింటికీ జవాబు రాయించుకుని ఇంటికి వెళ్లండి.

వెళ్తూ వెళ్తూ ఒకటి తీసుకెళ్లాలి. రంగురంగుల కరపత్రం కాదు, నిబంధనల పూర్తి ప్రతి. కరపత్రంలో ఇంజన్ బొమ్మ, నవ్వుతున్న కుటుంబం ఉంటాయి. మీ క్లెయిమ్ తేలేది నిబంధనల ప్రతిలోని చిన్న అక్షరాల దగ్గర. "అది ఆన్‌లైన్‌లో ఉంటుంది సార్" అంటే, అక్కడే నిలబడి ఫోన్‌కి పంపించుకోండి. పూర్తి ప్రతి ఇవ్వలేని చోట నేనైతే డబ్బు కట్టను.

ఎవరు ఇస్తున్నారో చూడండి

పేరు ఒకటే అయినా దీని వెనక ముగ్గురిలో ఎవరైనా ఉండొచ్చు: బండి తయారు చేసిన కంపెనీ, మీకు అమ్మిన డీలర్, లేదా ఈ రెండింటితో సంబంధం లేని మూడో సంస్థ. కాగితంలో కంపెనీ లోగో ఉన్నంతమాత్రాన కంపెనీదే అనుకోవద్దు. చివరి పేజీలో "ఈ ఒప్పందం కింద బాధ్యత ఎవరిది" అనే వాక్యం వెతకండి. అక్కడ రాసిన పేరే లెక్క.

కంపెనీదైతే అదే బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా పని జరిగే అవకాశం ఎక్కువ. డీలర్ సొంతంగా ఇచ్చేదైతే ఆ ఒక్క చోటే చెల్లుతుంది, ఆ డీలర్ మూతపడితే కాగితం మిగులుతుంది అంతే. మూడో సంస్థదైతే రిపేరు మొదలుపెట్టక ముందే వాళ్ల అనుమతి కావాలి. వాళ్ల మనిషి వచ్చి చూసేదాకా బండి విప్పి పడి ఉంటుంది. కొన్నిట్లో ముందు మీరు డబ్బు కట్టి, బిల్లు పంపి, తర్వాత రాబట్టుకోవాలి. ఈ మూడో రకాన్ని నేను దాదాపు ఎప్పుడూ సిఫార్సు చేయను.

అసలు వారంటీ మీకు నిజంగా ఎన్ని నెలలు?

వారంటీ కాగితాల్లో ఎప్పుడూ రెండు అంకెలుంటాయి: ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మనం ఏళ్లనే గుర్తుపెట్టుకుంటాం. చాలామందికి ముందు అయిపోయేది కిలోమీటర్లు.

ఒక ఉదాహరణ చూడండి. అసలు వారంటీ 3 ఏళ్లు లేదా 36,000 కిలోమీటర్లు, ఎక్స్‌టెండెడ్ దాన్ని 5 ఏళ్లు లేదా 60,000 కిలోమీటర్లకి పెంచుతుందనుకోండి. రోజూ దూరం వెళ్లి పనిచేసే మనిషి నెలకి 1,500 కిలోమీటర్లు తిరుగుతాడు. అతనికి 36,000 రెండేళ్లకే అయిపోతాయి. మిగతా 24,000 ఇంకో 16 నెలల్లో. "ఐదేళ్ల భరోసా" అని కొన్నది మొత్తం మూడేళ్ల నాలుగు నెలలకి ముగుస్తుంది. అదే బండిని వారానికోసారి బయటికి తీసి నెలకి 300 కిలోమీటర్లు తిప్పేవాళ్లకి ఐదేళ్లు నిండేసరికి తిరిగింది 18,000. వాళ్లకి కాలం పూర్తిగా దక్కుతుంది. కాకపోతే అంత తక్కువ తిరిగిన బండిలో ఇంజన్ లోపలి భాగాలు అరిగేది ఏమీ ఉండదు. వాళ్లకి వచ్చే తిప్పలు వేరు: వాడక నిర్జీవమైన బ్యాటరీ, గట్టిపడిన రబ్బరు, ట్యాంకులో పాతబడిన పెట్రోలు. ఈ మూడింటినీ ఎక్స్‌టెండెడ్ వారంటీ మామూలుగా ముట్టుకోదు.

మీ పాత బండి ఓడోమీటర్‌ని దాని వయసు నెలలతో భాగించండి. మీరు నెలకి ఎంత తిరుగుతారో ఊహతో పనిలేకుండా తేలుతుంది. ఆ అంకెతో పై లెక్క వేసుకోండి.

ఇంకో చిన్న మెలిక. పొడిగింపు ఎప్పటి నుంచి మొదలవుతుంది? అసలు వారంటీ ముగిసిన మర్నాటి నుంచా, కొన్న రోజు నుంచా? కొన్న రోజు నుంచి లెక్కేసే ఒప్పందమైతే, మొదటి మూడేళ్లు రెండు వారంటీలు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. ఊరికే వచ్చేదానికి మళ్లీ డబ్బు కట్టినట్టు.

మినహాయింపుల పేజీ నుంచి చదవండి

నిబంధనల ప్రతిని వెనక నుంచి తెరవండి. "ఏమేం వర్తిస్తాయి" అన్న పేజీ కన్నా "ఏమేం వర్తించవు" అన్న పేజీ ముందు చదవాలి. పెన్సిల్ పట్టుకుని ఒక్కో మాట కింద గీత గీయండి.

మామూలుగా కనిపించేవి ఇవి: బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, టైర్లు, ట్యూబులు, కేబుళ్లు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్, బల్బులు, ఫ్యూజులు, బ్యాటరీ, రబ్బరు భాగాలు, సీటు, పెయింటు, తుప్పు. చాలావాటిలో ఫోర్క్ (ముందు షాక్ అబ్జార్బర్) ఆయిల్ సీళ్లు, హ్యాండిల్ కింద అది తిరిగే బేరింగు జత (కోన్‌సెట్), చక్రాల బేరింగులు కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. వీటన్నిటికీ వాళ్లు చెప్పే కారణం ఒకటే: వాడకం వల్ల అరిగేవి. ఆ మాట న్యాయమే. కానీ జాబితాని ఒకసారి మళ్లీ చూడండి. మూడో ఏడు నుంచి ఐదో ఏడు దాకా మీరు మెకానిక్ దగ్గర పెట్టే ఖర్చులో చాలా భాగం ఈ జాబితాలోవే. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్నా లేకపోయినా ఆ ఖర్చు మీదే.

తర్వాత "ఏమేం వర్తిస్తాయి" పేజీకి రండి. ఇది రెండు పద్ధతుల్లో రాస్తారు. ఒకటి, "ఈ కింద పేరున్న భాగాలకు మాత్రమే." రెండోది, "మినహాయించినవి తప్ప అన్నిటికీ." చదవడానికి పెద్ద తేడా లేనట్టే ఉంటుంది, క్లెయిమ్ రోజున మాత్రం చాలా తేడా. మొదటి పద్ధతిలో సెన్సర్ పేరు రాయకపోతే సెన్సర్ లేనట్టే. రెండో పద్ధతిలో వాళ్లు రాసి కాదనాలి. మొదటి పద్ధతిలో పదేపదే కనబడే ఒక మాట ఉంటుంది: "ఇంజన్‌లో ఆయిల్‌తో తడిసే లోపలి భాగాలు." వినడానికి ఇంజన్ మొత్తం అన్నట్టుంటుంది. కానీ వాటర్ పంపు, రేడియేటర్, ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్, వైరింగ్, సెల్ఫ్ మోటర్ ఇవేవీ ఆ మాట కిందికి రావు.

ఈ పేజీల్లోనే ఇంకో నాలుగు వాక్యాలు వెతకండి.

ఒకటి, ఒక భాగం పాడై ఇంకో భాగాన్ని పాడుచేస్తే సంగతేంటి? మినహాయించిన ఒక చిన్న సీలు చిరిగి, ఆయిల్ కారిపోయి, అది చూసుకోక నడిపితే ఇంజన్ పట్టేసిందనుకోండి. ఇంజన్ వర్తించే భాగమే, కారణం మాత్రం వర్తించని భాగం. చాలా ఒప్పందాలు ఇలాంటి చోట కారణాన్నే చూస్తాయి.

రెండు, విప్పి చూసే కూలి ఎవరిది? ఇంజన్‌లో శబ్దం వస్తోందని తీసుకెళ్తే, లోపం వర్తించేదో కాదో తేలాలంటే ముందు విప్పాలి. విప్పాక "ఇది అరుగుదల" అని తేలితే విప్పిన కూలి, కొత్త గాస్కెట్లు, ఆయిల్ అన్నీ మీ మీదే పడతాయి.

మూడు, మీ వాటా. కొన్ని ఒప్పందాల్లో ప్రతి క్లెయిమ్‌కీ ఇంత అని మీరు కట్టాలి. కొన్నిట్లో కిలోమీటర్లు పెరిగేకొద్దీ భాగం ధరలో మీ శాతం పెరుగుతుంది. ఒక్కో క్లెయిమ్‌కి గరిష్ఠం, మొత్తానికి గరిష్ఠం కూడా ఉంటాయి.

నాలుగు, వాడకం. డెలివరీకి, అద్దెకి, పందేలకి, ట్రాక్ మీద వాడితే చెల్లదనే వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలో ఉంటుంది. బండి మీద జీవనోపాధి ఉన్నవాళ్లు ఈ వాక్యం చదవకుండా కొంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందరికన్నా ఎక్కువ తిరిగేది వాళ్లే, ఆ డబ్బు అవసరమూ వాళ్లకే ఎక్కువ.

ఇంతకీ పాడయ్యేవి ఏవి?

ఇంజినీర్లు యంత్రాల వైఫల్యాన్ని ఒక రేఖగా గీస్తారు. అది స్నానాల తొట్టెని పక్క నుంచి చూసినట్టుంటుంది కాబట్టి బాత్‌టబ్ కర్వ్ అంటారు. మొదట్లో తయారీ లోపాల వల్ల వైఫల్యాలు ఎక్కువ. తర్వాత చాలాకాలం తక్కువగా, సమంగా ఉంటాయి. చివర్లో అరుగుదల వల్ల మళ్లీ లేస్తాయి. ఎడమవైపు గోడ అసలు వారంటీలో పోతుంది. కుడివైపు గోడకి "అరుగుదల" అని పేరు పెట్టి మినహాయిస్తారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎక్కువగా కొనిపెట్టేది మధ్యలో ఉన్న చదునైన అడుగుభాగాన్ని. సరిగ్గా ఆయిల్ మార్చిన బండి ఇంజన్ ఆ కాలంలో సాధారణంగా మొరాయించదు.

మరి ఆ అడుగుభాగంలో పోయేవి ఏంటి? నా అనుభవంలో కరెంటు సామాను. అందులోనూ ఛార్జింగ్ వ్యవస్థ.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వారంటీ డబ్బు తిరిగొచ్చే చోటు ఉంటే ఇదే. ఇంజన్ పక్క కవరులో క్రాంక్‌తో పాటు తిరిగే అయస్కాంతం, దాని లోపల కదలకుండా ఉండే రాగి తీగ చుట్ల పళ్లెం ఉంటాయి. ఆ పళ్లెమే స్టాటర్. అందులో పుట్టే కరెంటుని రెక్టిఫైర్ డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చి, వోల్టేజి హద్దులో పెట్టి బ్యాటరీకి పంపుతుంది. చాలా బండ్లలో ఈ రెక్టిఫైర్ షంట్ రకం. అంటే అవసరానికి మించిన కరెంటుని తగ్గించదు, షార్ట్ చేసి వేడిగా తగలేస్తుంది. స్టాటర్ ఎప్పుడూ పూర్తి బరువు మీదే పనిచేస్తుంటుంది. రెక్టిఫైర్‌ని గాలి ఆడని చోట, సీటు కిందో ఇంజన్ వెనకో బిగిస్తే ఆ వేడికి లోపలి భాగాలు మెల్లగా చచ్చిపోతాయి. ఆ పక్కనే ఉండే కనెక్టర్ పసుపు తిరిగి, తర్వాత గోధుమరంగుకి మారి కరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. పెద్ద బండ్ల లోకంలో హోండా వీఎఫ్ఆర్ కుటుంబం ఈ సమస్యకి చాలాకాలం పేరు మోసింది, ఇంజన్ ఎంత గట్టిదైనా సరే.

మీ బండిది మీరే చూసుకోవచ్చు. మల్టీమీటర్‌ని (వోల్టులు కొలిచే చిన్న పరికరం) డీసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ రెండు కొనలకీ తగిలించండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, కాస్త వేడెక్కాక, ఆర్‌పీఎం నాలుగైదు వేలకి పెంచి చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే బాగున్నట్టు. 13 దాటకపోతే ఛార్జింగ్ అవట్లేదు. 15 దాటితే రెక్టిఫైర్ హద్దు తప్పింది, అలాగే నడిపితే బ్యాటరీ ఉబ్బుతుంది. ఈ పరీక్షకి ఐదు నిమిషాలు చాలు.

ఛార్జింగ్ తర్వాత నేను లెక్కలోకి తీసుకునేవి ఫ్యూయల్ పంపు, సెన్సర్లు, డిస్‌ప్లే, తాళం లేకుండా స్టార్టయ్యే వ్యవస్థ, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) యూనిట్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్). ఇవి తరచుగా పోవు. పోతే మాత్రం బాగుచేయడం ఉండదు, మొత్తం యూనిట్ మార్చడమే. పాత డిజైన్ బండిలో స్పీడోమీటర్ కేబుల్ తెగితే చిల్లర ఖర్చు. కొత్త బండిలో రంగుల స్క్రీన్ నల్లబడితే మొత్తం మీటరు కొత్తది కొనాలి. ఏబీఎస్ విషయంలో ఒక జాగ్రత్త. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ తేమతో యూనిట్ లోపలి సన్నని వాల్వులు తుప్పు పడతాయి. మాన్యువల్‌లో చెప్పిన గడువుకి, చాలా బండ్లకి రెండేళ్లకోసారి, ఫ్లూయిడ్ మార్చిన రుజువు లేకపోతే క్లెయిమ్ నిలవకపోవచ్చు.

ఇక మీ మోడల్‌కి ప్రత్యేకమైన జబ్బు ఏదైనా ఉందేమో కనుక్కోండి. అదే మోడల్ 30,000 దాటించినవాళ్లని, వాటిని రోజూ విప్పే మెకానిక్‌ని అడగండి. హార్లీ డేవిడ్‌సన్ 1999 మోడల్ నుంచి తెచ్చిన ట్విన్ క్యామ్ ఇంజన్‌లో స్ప్రింగ్‌తో నొక్కే క్యామ్ చైన్ టెన్షనర్లు (ఇంజన్ లోపలి చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే భాగాలు) అరిగిపోయేవి. ఆ ముక్కలు ఆయిల్లో కలిసి పంపు దాకా పాడయ్యేది. తర్వాత వాళ్లే హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో నొక్కే) టెన్షనర్లకి మారారు. ఇలాంటి భాగం మీ ఒప్పందంలో "లోపం" కిందికి వస్తుందా, "అరుగుదల" కిందికి వస్తుందా అన్నది ముందే రాతలో అడగాల్సిన ప్రశ్న.

రీకాల్‌ని, అంటే లోపం బయటపడిన బండ్లని కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడాన్ని, మాత్రం ఈ లెక్కలో కలపకండి. యమహా 2015 ఆర్1 గేర్‌బాక్సు భాగాలని రీకాల్ కింద కంపెనీయే మార్చింది. భద్రతా లోపానికి రీకాల్ ప్రకటిస్తే ఆ రిపేరు ఖర్చు కంపెనీదే, ఎక్స్‌టెండెడ్ వారంటీతో పనిలేదు.

ఇప్పుడు లెక్క వేయండి

స్పేర్ పార్టుల కౌంటర్‌కి వెళ్లి ఐదు ధరలు రాసుకోండి: స్టాటర్, రెక్టిఫైర్, ఫ్యూయల్ పంపు, మీటరు, ఈసీయూ. ఏబీఎస్ ఉంటే ఆరోది అది. కూలి కూడా అడగండి. షోరూంలో వారంటీ ధర చెప్పేవాళ్లు ఈ ధరలు చెప్పరు.

వారంటీ ధరని రిపేరు ఖర్చుతో భాగించండి. వచ్చిన అంకె, ఆ రిపేరు ఆ కాలంలో వచ్చే అవకాశం ఎంత ఉంటే మీ డబ్బు సరిపోతుందో చెబుతుంది. వారంటీ ధర 10 అనుకుందాం. స్టాటర్, రెక్టిఫైర్ కలిపి 20 అయితే, ప్రతి ఇద్దరిలో ఒకరికి అవి పోతేనే లాభనష్టాలు సమానం. అంతగా ఏ బండిలోనూ పోవు. అదే బండిలో ఈసీయూ, ఏబీఎస్, మీటరు కలిపి 200 పలికితే, వాటికి ఇరవైలో ఒక అవకాశం ఉన్నా లెక్క సరిపోతుంది. చిన్న బండ్లకి మొదటి లెక్కలా తేలుతుంది, ఖరీదైన బండ్లకి రెండోదిలా.

వారంటీ ధర అంటే కాగితం మీది ధర ఒక్కటే కాదు. బండి అప్పులో కలిపేస్తే దాని మీద వడ్డీ కూడా కట్టాలి. వారంటీ నిలవాలంటే ప్రతి సర్వీసూ అధీకృత సెంటర్లోనే చేయించాలి. బయట నమ్మకమైన మెకానిక్ తీసుకునేదానికీ అక్కడి బిల్లుకీ ఉన్న తేడాని సర్వీసుల సంఖ్యతో గుణించి కలపండి. నేను ఈ లెక్క వేసి చూపించినప్పుడు, వారంటీ ధరకన్నా ఈ తేడాయే ఎక్కువని చాలామందికి అప్పుడే తెలిసింది.

అమ్మేవాళ్లు సగటు మీద నష్టపోయేలా ధర పెట్టరు. క్లెయిములు, అమ్మినవాళ్ల కమిషన్, వాళ్ల లాభం అన్నీ అందులో ఉంటాయి. కాబట్టి సగటు కొనుగోలుదారుకి ఇది నష్టమే. అయినా తీసుకోవడానికి ఒక మంచి కారణం ఉంది: తలకు మించిన ఒక్క దెబ్బని మీరు తట్టుకోలేకపోవడం. అందుకని నిజాయితీగా ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ జాబితాలోని పెద్ద రిపేరు రేపే వస్తే, అప్పు చేయకుండా కట్టగలరా? కట్టగలిగితే వారంటీ డబ్బుని పక్కన ఒక ఖాతాలో పెట్టుకోండి. క్లచ్ ప్లేట్లకైనా, టైర్లకైనా, దేనికైనా ఆ డబ్బు పనికొస్తుంది.

సర్వీసు క్రమం మీవల్ల అవుతుందా?

మా బావమరిది బండి సంగతి ఇక్కడ చెప్పాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది, కంపెనీదే. ఒక రాత్రి హెడ్‌లైటు మామూలుకన్నా తెల్లగా వెలుగుతోందని ఫోన్ చేశాడు. మర్నాడు చూస్తే 15.8 వోల్టులు. రెక్టిఫైర్ పోయింది, బ్యాటరీ పక్కలు ఉబ్బాయి. వారంటీలో రావాల్సిన కేసే. సర్వీస్ సెంటర్లో పుస్తకం తిరగేసి, ఒక గడి మీద వేలు పెట్టి చూపించారు. ఒక సర్వీసు, చేయించాల్సిన దానికన్నా 640 కిలోమీటర్లు ఆలస్యం. ఒప్పందంలో ఇచ్చిన సడలింపు 300. ముద్ర ఉంది, సంతకం ఉంది, ఆయిల్ కూడా సరైనదే పోశారు. ఇంజన్ ఆయిల్‌కీ రెక్టిఫైర్‌కీ సంబంధం లేదని వాడు వాదించాడు, నేనూ వాదించాను. "సిస్టమ్ ఒప్పుకోదు సార్" అన్నారు. మొత్తం సొంత డబ్బుతో వేయించుకున్నాడు.

అందుకే వారంటీ తీసుకునేముందు మీ పాత బండి సర్వీస్ పుస్తకం తెరిచి చూడండి. వరసగా, గడువుల్లో ఉన్నాయా? లేకపోతే ఈసారి ఉంటాయని అనుకోవడానికి కారణం ఏమైనా ఉందా? దూరప్రాంతాల్లో పనిచేసేవాళ్లు, సర్వీస్ సెంటర్ అందుబాటులో లేనివాళ్లు ఈ ఒక్క కారణం మీదే వద్దనుకోవచ్చు.

బండికి అదనపు సామాను బిగించే అలవాటున్నా ఇదే మాట. ఫాగ్ లైట్ల కోసం వైరింగ్ కత్తిరించినా, సైలెన్సర్ మార్చినా, ఈసీయూని రీమ్యాప్ చేయించినా (దాని లోపలి సెట్టింగులు మార్పించినా) కరెంటు సామాను క్లెయిమ్ దాదాపు పోయినట్టే. కత్తిరించకుండా అసలు కనెక్టర్‌కే తగిలే హార్నెస్ (ముందే తయారుచేసిన వైర్ల కట్ట) వాడితే కొంత నయం, అయినా ముందే అడిగి రాయించుకోండి.

రాతలో అడగాల్సినవి

మెసేజ్ రూపంలో అయినా సరే, జవాబు రాతలో ఉండాలి. బండి అమ్మితే వారంటీ కొత్త యజమానికి మారుతుందా, మారడానికి రుసుము ఉందా? అసలు వారంటీ ముగిసేలోపే బండి అమ్మేసినా, దొంగతనం జరిగినా కట్టిన డబ్బు ఎంత వెనక్కిస్తారు? వేరే ఊళ్లో పాడైతే అక్కడి సెంటర్ చేస్తుందా, డబ్బు ముందు నేను కట్టాలా? దారిలో ఆగిపోతే తరలించే ఖర్చు ఎవరిది? వేసేది కొత్త భాగమా, బాగుచేసిన భాగమా?

మొదటి ప్రశ్న మీద కొంచెం నిలవండి. మూడు నాలుగేళ్లకి బండి మార్చేవాళ్లకి, పేరు మారే వారంటీ అమ్మేటప్పుడు బేరానికి అక్కరకొస్తుంది. మారదని చెబితే, మీరు ఎప్పటికీ వాడుకోని ఏళ్లకి డబ్బు కడుతున్నట్టు.

నేనైతే ఎలా తేలుస్తానంటే

గాలితో చల్లబడే చిన్న ఇంజన్, పెద్దగా ఎలక్ట్రానిక్స్ లేని బండి, ఏళ్లుగా అమ్ముడవుతున్న మోడల్, ఏ మెకానిక్ దగ్గరైనా భాగాలు దొరికేది: వద్దు. ఆ డబ్బుతో సమయానికి ఆయిల్, మంచి చైన్ కిట్ కొనుక్కోండి. అలాగే నెలకి వెయ్యి దాటి తిరిగేవాళ్లు, కిలోమీటర్ల హద్దు తక్కువగా ఉన్న ఒప్పందం చూస్తే, చాలావరకు వద్దు.

కొత్తగా మార్కెట్లోకి వచ్చిన మోడల్, లేదా రంగుల డిస్‌ప్లే, క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చనిచ్చేది), ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా చూసేది), ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉన్న ఖరీదైన బండి, కంపెనీయే ఇస్తున్న "మినహాయించినవి తప్ప అన్నీ" రకం ఒప్పందం, సర్వీసులు తప్పని మనిషి, ఐదేళ్లు ఉంచుకునే ఉద్దేశం: తీసుకోండి. ఇవన్నీ కలిసినప్పుడు నేనే ముందుండి కట్టించాను. మొదటి ఏడాది మోడల్ విషయంలో ఇంకొంచెం మొగ్గుతాను, ఎందుకంటే దాని జబ్బులు ఇంకా ఎవరికీ తెలియవు.

ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనడానికి ఇచ్చిన ఆఖరు తేదీ దగ్గరపడేదాకా ఆగి, అప్పటికి ఆ మోడల్ గురించి తెలిసినదాన్ని బట్టి తేల్చుకోవచ్చు. ఆఖరు తేదీని ఫోన్‌లో రెండు నెలల ముందుకి అలారంగా పెట్టుకోండి.

తీసుకున్నా తీసుకోకపోయినా చేయాల్సిన పని

అసలు వారంటీ ముగియడానికి నెల ముందు, లేదా కిలోమీటర్ల హద్దుకి వెయ్యి ముందు, ఒక ఉదయం బండితో కూర్చోండి. రాత్రంతా ఆగిన బండి కింద అట్టముక్క పరిచి ఉంచి, పొద్దున ఆయిల్ చుక్కలు పడ్డాయేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి మొదటి పది సెకన్లు టైమింగ్ చైన్ శబ్దం వినండి. సెంటర్ స్టాండు మీద ముందు చక్రం గాల్లో ఉండేలా పెట్టి హ్యాండిల్ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతుంటే కోన్‌సెట్ పోతున్నట్టు. ఫోర్క్ రాడ్ మీద వేలు రాసి ఆయిల్ తడి ఉందేమో చూడండి. మల్టీమీటర్‌తో ఛార్జింగ్ చూడండి. తాళం తిప్పినప్పుడు వెలిగిన హెచ్చరిక దీపాలన్నీ మాన్యువల్‌లో చెప్పినట్టు ఆరిపోతున్నాయా గమనించండి.

కనిపించినవన్నీ ఒక కాగితం మీద రాసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. "చూస్తాంలెండి" అంటే ఒప్పుకోవద్దు. ఒక్కో ఫిర్యాదూ జాబ్‌కార్డ్‌లో (చేయాల్సిన పనులు సెంటర్ వాళ్లు రాసుకునే కాగితం) మీ మాటల్లోనే ఎక్కాలి, తేదీ, కిలోమీటర్లు ఉండాలి, మీ ప్రతి మీ చేతికి రావాలి. అప్పుడు అదే శబ్దం వారంటీ ముగిశాక పెద్దదైనా, అది ఎప్పుడు మొదలైందో చూపించడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది. ఆ కాగితంతో పాటు అదే రోజు ఓడోమీటర్ ఫోటో కూడా తీసి పెట్టుకోండి, బండి నంబరు పలక కనిపించేలా ఇంకోటి.